కంటి గుర్తు, చేతి గుర్తు

తెలంగాణలోని పుట్టపాకలో తేలియా రుమాలు (నూనె పట్టించిన నూలుతో నేసే ఇక్కత్ బట్ట) నేసేవాళ్లకు రెండు రకాల జ్ఞాపకం కావాలి. ఏ రంగు తర్వాత ఏ రంగు, పువ్వు ఎక్కడ తిరగాలి అని అడిగితే నోటితో చెప్తారు. ఇది ఎరుకతో కూడిన జ్ఞాపకం. తెగిన పోగును అతికే పని వేరు. వేళ్లు రెండు కొసలను పట్టి మెలేస్తాయి, ముచ్చట మాత్రం ఆగదు. ఎట్ల చేసినవని అడిగితే "ఇట్లనే" అని మళ్లీ చేసి చూపిస్తారు. అది అంతర్లీన జ్ఞాపకం.

ఈ రెండూ మెదడులో వేర్వేరని గట్టిగా చూపింది హెన్రీ మొలైసన్ కేసు. 1953లో మూర్ఛ తగ్గించడానికి చేసిన ఆపరేషన్‌లో ఆయన మెదడులో కొత్త జ్ఞాపకాలను నిలిపే భాగమైన హిప్పోక్యాంపస్‌ చాలావరకు పోయింది. తర్వాత మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఆయనతో అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించారు. మూడు రోజుల్లో చెయ్యి బాగా తిరిగింది. నిన్న గీసిన సంగతే ఆయనకు గుర్తులేదు!

మరి చూపు, స్పర్శ? మనం చూపుకే పెద్దపీట వేస్తాం. కానీ 1985లో క్లాట్‌జ్కీ, లెడర్మన్ అనే మనస్తత్వ పరిశోధకుల బృందం కొందరి కళ్లకు గంతలు కట్టి ఇంట్లో వాడే వస్తువులు చేతికిస్తే, వాళ్లు దాదాపు 96 శాతం వాటి పేర్లు సరిగ్గా చెప్పారు, అదీ చాలావరకు సెకన్లలోనే.

తెలిసిన వస్తువును ముందు కంటితో చూస్తే, తర్వాత తడిమినప్పుడు పేరు త్వరగా తడుతుంది. అంతర్లీన జ్ఞాపకానికి కన్ను నుంచి చేతికి మారినా పెద్ద నష్టం లేదన్నమాట. "ఇది ముందు చూశావా?" అని నేరుగా అడిగితే మాత్రం ఆ మార్పు దెబ్బకొడుతుంది. అందుకే కొత్తగా పని నేర్చుకునేవాళ్లకు డిజైన్ కాగితంతో పాటు మొదటి రోజే నూలు కూడా చేతికివ్వాలని నా మాట.