ఆన్‌లైన్‌లో ఫ్రెష్ ఆప్రికాట్లు కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

'లద్దాఖ్ ఫ్రెష్ ఆప్రికాట్, యాంటీఆక్సిడెంట్లు పుష్కలం' అన్న ప్రకటన చూసి పోయిన వారం రెండు కిలోలు తెప్పించి మోసపోయాను. ఇంకెవరూ పోకూడదని రాస్తున్నా.

పెట్టె తెరిస్తే ఒక్క పండు నలగలేదు, పసుపు మీద ఎర్రజీరతో ముచ్చటగా ఉన్నాయి. వాసన మాత్రం లేదు, నాకు అక్కడే అనుమానం రావాల్సింది. అమ్మకి ఇద్దామని ఒకటి కోస్తే గింజ చుట్టూ కండంతా గోధుమరంగులో తుమ్మజిగురులా సాగుతోంది, నోట్లో పెట్టుకుంటే తీపీ లేదు పులుపూ లేదు. ఐదు కోస్తే నాలుగు అంతే!

అమ్మినతనికి ఫోన్ చేసి ఏ రకం అని అడిగితే "లద్దాఖ్ రకమేనండీ" అన్నాడు. లద్దాఖ్ ప్రాంతం పేరేగానీ రకం పేరు కాదు కదా. అక్కడ హల్మాన్ వేరు, జీఐ ట్యాగ్ (భౌగోళిక గుర్తింపు) వచ్చిన తెల్లగింజ రక్త్సే కార్పో వేరు. రకాన్ని బట్టే రుచి, నిల్వ, పోషకాలు అన్నీ మారతాయి, కండ ముదురు నారింజరంగులో ఉంటే బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ గా మారే పదార్థం) ఎక్కువ, పాలిపోయిన రకాల్లో తక్కువ. గట్టిగా అడిగాక, మూడు వారాలకు పైగా కోల్డ్ స్టోరేజీలో ఉంచామని ఒప్పుకున్నాడు.

అసలు దెబ్బ అక్కడే. ఆప్రికాట్‌ని సున్నా డిగ్రీల దగ్గర, బాగా తేమలో పెడితే ఒకటి నుంచి మూడు వారాలు ఆగుతుంది, అదీ రకాన్ని బట్టి. 2 నుంచి 7 డిగ్రీల మధ్య రోజుల తరబడి ఉంచితే మాత్రం తట్టుకోలేని రకాలు పైకి నిగనిగలాడుతూనే లోపల జిగురైపోతాయి. మన ఇంటి ఫ్రిజ్ ఉండేదీ ఆ మధ్యలోనే, కాబట్టి మంచి పండు దొరికినా అందులో వారాలు దాచకండి. కోసిన వంకాయ నల్లబడినట్టే ఇక్కడా పండులో సహజంగా ఉండే ఫినాలిక్ పదార్థాలు ఆక్సీకరణ చెందితేనే ఆ గోధుమరంగు వస్తుంది. వాళ్లు ప్రకటనలో గొప్పగా చెప్పుకున్న యాంటీఆక్సిడెంట్లలో అవీ ఉన్నాయి!

ఇంకోటి, పచ్చిగా కోసిన ఆప్రికాట్ ఇంట్లో మెత్తబడుతుందిగానీ తీపెక్కదు, మామిడిలోలా చక్కెరగా మారడానికి అందులో పిండిపదార్థం పెద్దగా ఉండదు.

డబ్బు కట్టేముందు రకం పేరు, కోసిన తేదీ, ఎన్ని డిగ్రీల్లో ఉంచారో అడగండి, నసిగితే వదిలేయండి. వచ్చాక డెలివరీ అబ్బాయి ముందే రెండు కోసి ఫొటో తీసుకోండి. "బయటికి బాగానే ఉన్నాయి కదా" అని నాకు రిటర్న్ ఇవ్వలేదు. కోసినవాటి ఫొటోలతో మళ్లీ మెయిల్ పెట్టాను, ఈరోజుకి నాలుగో రోజు, జవాబు లేదు.