బడిలో బుర్రకథ: మేం పిలిపించిన బృందం ఎలా ఉందంటే

ఎనిమిది, తొమ్మిది తరగతులకు బుర్రకథ చెప్పి, నేర్పించడానికి తెనాలి వైపు నుంచి ఒక బృందాన్ని పిలిపించాం. తెలుగు టీచర్‌గా చెబుతున్నాను, ఇచ్చిన డబ్బుకు పూర్తి న్యాయం చేశారు.

ఎంచుకున్నది అల్లూరి కథ. కథకుడి భుజాన తంబురా, వేళ్లకు తాళం వేసే అందెలు. చెరో పక్కన గుమ్మెటలనే చిన్న డోళ్లతో వంతలు, అంటే వంతపాడే తోడు కళాకారులు: ఒకాయన హాస్యం, ఇంకొకాయన రాజకీయం. హాస్యం వంత మా మధ్యాహ్న భోజనం పప్పుచారునీ కథలోకి లాగేసరికి పిల్లలు పగలబడి నవ్వారు. అదే నోటితో 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి దాడులు వరసగా చెప్పారు. సోషల్ పాఠంలో ఎన్నిసార్లు చెప్పినా నిలవని తేదీలు ఇప్పుడు పిల్లలకు నోటికొచ్చేశాయి!

కథ అయ్యాక అడుగులు, 'తందానా తాన' వంతపాట నేర్పారు. క్లాసులో నోరు విప్పని ఒకమ్మాయి తంబురా పట్టుకుని గొంతెత్తితే నాకు కళ్లు చెమర్చాయి.

లోటల్లా గుమ్మెటలు రెండే తేవడం. చాలామందికి వాయించే వంతు రాలేదు. మైకు సౌండూ ఎక్కువే. మీరు పిలిస్తే అదనపు గుమ్మెటలు ముందే అడగండి, ఒక్క పీరియడ్‌తో సరిపెట్టకుండా పూట మొత్తం ఇవ్వండి.