హోప్ ఐలాండ్ బోటు ట్రిప్పు: పోస్టరు చూసి కాదు, ఆటు చూసుకుని వెళ్లండి

ముందే చెప్పేస్తున్నా, బోటు వాళ్లకి రెండు స్టార్లు, ఆ చోటుకి ఐదు. కాకినాడలో ఒక ప్రైవేటు బోటు వాళ్ల చలికాలం ప్యాకేజీ ఇది. పేరెందుకులెండి. పోస్టరు మీద మాత్రం తేటైన నీలం నీళ్లు, అడుగున రంగురంగుల పగడాలు, వాటి మధ్య పసుపు చారల చేపలు. అది అండమాన్‌దో లక్షద్వీప్‌దో అయ్యుండాలి గానీ మన గోదావరి సముద్రంలో కలిసే చోట తీసిన ఫొటో కాదు. పగడాల ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు ఉంటుంది, దానికి ఎండ తగిలితేనే పగడానికి తిండి, అందుకే నీళ్లు తేటగా ఉండాలి, ఉప్పదనం మరీ తగ్గిపోకూడదు. ఏటా వరదల్లో గోదావరి తెచ్చి పోసే ఒండ్రూ మంచినీళ్లూ రెండూ వాటికి పడవు. మా బావగారి పిల్లలు ఆ పోస్టరు నమ్మి నీళ్లలో చూసే కళ్లద్దాలు కూడా కొనుక్కొచ్చారు, పాపం.

సరే, పగడాలు లేవు. అక్కడున్నదేంటంటే బురద. నవ్వకండి, డబ్బులు పెట్టి వెళ్లాల్సింది ఆ బురద కోసమే. హోప్ ఐలాండ్ అనేది గోదావరి పాయల ఒండ్రూ ఇసుకా పేరుకుని సుమారు 200 ఏళ్లలో తయారైన పొడవాటి ఇసుక దిబ్బ. సముద్రం అలల్ని అది అడ్డుకుంటుంది కాబట్టి లోపల కాకినాడ అఖాతం నెమ్మదిగా ఉంటుంది, ఆ నెమ్మది నీళ్లలో ఒండ్రు దిగుతుంది, ఒడ్డు వైపు కోరింగ మడ అడవులు. ఆటుకి నీళ్లు వెనక్కి పోగానే ఆ బురదలో పురుగులు, పీతలు, గుల్లలు బయటపడతాయి, వాటి కోసం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎక్కడో సైబీరియా, మధ్య ఆసియా వైపు నుంచి పక్షులు దిగుతాయి. పొట్టి ముక్కువి పైపైన ఏరుకుంటాయి, కొడవలిలా వంగిన పొడవు ముక్కువి లోతు నుంచి పీతల్ని లాగుతాయి. అందుకే అన్నీ ఒకే చోట తింటున్నా పెద్దగా కొట్టుకోవు. అదృష్టం బాగుంటే ఇండియన్ స్కిమ్మర్ కూడా కనిపిస్తుంది, కింది ముక్కు పైదానికన్నా పొడుగు, నోరు తెరిచి ఆ కింది ముక్కుతో నీళ్లని కోసుకుంటూ ఎగురుతుంది. చంబల్ లాంటి నదుల ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టి చలికాలం ఈ తీరానికి వచ్చే పక్షి అది. మాకు కనిపించలేదు.

ఎందుకు కనిపించలేదంటే మమ్మల్ని తీసుకెళ్లింది నిండు పోటులో. బురదంతా నీళ్ల కింద, పక్షులన్నీ ఎక్కడో దూరంగా ఇసుక మీద చుక్కల్లా. బోటు నడిపే పెద్దాయన జాలిపడి "ఆటు మొదలవ్వనివ్వండి బాబూ, అప్పుడు చూద్దురుగాని" అన్నాడు, టూర్ కుర్రాడేమో టైమైపోయిందని గోల. ఆటు పోటు రోజుకి రెండేసి సార్లు, పైగా రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా జరుగుతుంటాయి, అలాంటప్పుడు ఏడాదంతా ఒకటే టైముకి బోటు తీస్తే ఎలా? ఆ కుర్రాడికి ప్రతి పక్షీ కొంగే. లైఫ్ జాకెట్లలో కొన్నిటికి బకిల్ పడలేదు, అడిగితే "ఏం కాదండీ" అన్నాడు. ఒక స్టారు కోత దానికే. పాటల స్పీకరు సంగతి వదిలేస్తున్నా. కోనసీమ భోజనం అన్నది పొట్లంలో పులిహోర, రుచి మాత్రం బాగుంది.

దిబ్బ మీద మాత్రం పెద్దాయన దారి చూపించి తాబేలు జాడ చూపించాడు, ఇసుకలో ట్రాక్టరు టైరు పోయినట్టు ఉంది. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్లు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వచ్చి గొయ్యి తీసి ఒక్కోటి వంద దాకా గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. పిల్లలు బయటికి రావడానికి దాదాపు రెండు నెలలు, ఇసుక వేడిగా ఉంటే ఎక్కువ ఆడవి, చల్లగా ఉంటే ఎక్కువ మగవి. ఆ పక్కనే ఒక చచ్చిన తాబేలు కూడా ఉంది. ఊపిరికి పైకి రావాల్సిన జీవాలు కదా, ట్రాలర్ వలలో ఇరుక్కుంటే మునిగి చస్తాయి. పిల్లలు కాసేపు ఏం మాట్లాడలేదు.

బుక్ చేసేముందు ఆ రోజు ఆటు ఎన్నింటికని ఫోన్లో అడగండి, చెప్పలేకపోతే ఇంకొకళ్లని చూసుకోండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీళ్లు బాగా వెనక్కి పోతాయి, పక్షులకి మంచిదే, కానీ బోటు బురదలో కూర్చుండిపోయే ప్రమాదమూ అప్పుడే, చేయి తిరిగినవాళ్లు నడుపుతుంటేనే ఎక్కండి. బైనాక్యులర్స్ వాళ్లివ్వరు. చిన్నపిల్లలుంటే బోటు మానేసి కాకినాడ–యానాం రోడ్డు మీద కోరింగ అభయారణ్యం చెక్క వంతెన ఎక్కించండి, మడ చెట్ల వేళ్ల మధ్య బురద మీద పాకే చేపల్ని గంటసేపైనా చూస్తారు.