మాగుంట లేఅవుట్‌లో షేర్ల క్లాసు, ఫీజుకు తగ్గట్టు ఉందా?

శని, ఆదివారాలు చెప్పే క్లాసు. పేరెందుకులెండి, నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక మేడ మీద ఉంటుంది. ఏసీ ఉందన్నారు గానీ అది గోడకు ఊరికే వేలాడుతోంది, మధ్యాహ్నం బ్యాచ్ జోలికి మాత్రం పోకండి.

శనివారమంతా క్యాండిల్ చార్టులే (షేరు ధర ఎక్కడం దిగడం చూపే బొమ్మలు), యూట్యూబ్‌లో ఫ్రీగా దొరికే సరుకు. డబ్బులు గిట్టింది ఆదివారం, ఒక మార్కెట్లో పుట్టిన భయం ఇంకో మార్కెట్‌కి ఎలా పాకుతుందో చెప్పినప్పుడు. 2024 ఆగస్టు 5ను తీసుకున్నారు. అంతకుముందు జూలై 31న బ్యాంక్ ఆఫ్ జపాన్ వడ్డీని 0.25 శాతానికి పెంచింది, యెన్ బలపడింది, దాంతో అక్కడ చవగ్గా అప్పు తెచ్చి అమెరికాలోనూ ఇంకెక్కడెక్కడో పెట్టినవాళ్లు బాకీ తీర్చడానికి ఎగబడి అమ్మారు, అమెరికా ఉద్యోగాల లెక్కలు కూడా అప్పుడే చప్పగా వచ్చాయి, ఇంకేముంది, జపాన్ షేర్ల సూచీ నిక్కీ ఒక్కరోజులో 12.4 శాతం, మన సెన్సెక్స్ 2,222 పాయింట్లు పడ్డాయి. మన కంపెనీలు ఆ రోజు చేసిన పాపమేమీ లేదు. అప్పు మీద షేర్లు కొన్నవాళ్లకు మార్జిన్ (పూచీగా ఉంచాల్సిన సొమ్ము) కట్టమని ఫోనొస్తే మంచిదా చెడ్డదా అని చూడరు, ఏది అమ్ముడుపోతే అది అమ్మేస్తారు. 2020 మార్చిలో షేర్లతో పాటు బంగారం కూడా దిగింది అందుకే.

నా పక్కన ఇందుకూరుపేట రొయ్యల రైతు ఒకాయన ఉన్నారు. "గుంటల మీద నమ్మకం లేకనే అబ్బయ్యా, అవంతి ఫీడ్స్ షేర్లు కొన్నా" అన్నారు నాతో. అవంతి అంటే రొయ్యల మేత తయారుచేసి, రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీ. సారు వినేసి ఆయన్నే ఉదాహరణ చేశారు. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ సుంకాలు ప్రకటించగానే గుంట దగ్గర రొయ్యల కౌంట్ రేటూ (కిలోకి ఎన్ని తూగుతాయో దాన్నిబట్టి ఇచ్చే ధర) పడింది, ఆ షేరూ పడింది, రెండింటికీ అమెరికానే దిక్కు కాబట్టి. "మరి ఏం కొనమంటారు సార్?" అంటే మాత్రం నసిగారు.

అసలు లోపం అదే. భయం పుడితే ఇండియా విక్స్ (మార్కెట్ ఎంత ఊగుతుందో అంచనా వేసే సూచీ) పెరుగుతుందని చెబుతారు, పెరిగినప్పుడు మనం ఏం చేయాలో చెప్పరు. పైగా ఇంత భయపెట్టి చివర్లో డీమ్యాట్ (షేర్లు దాచుకునే ఖాతా) ఫారాలు పంచి, ఆప్షన్స్ కోర్సులో చేరమని ఒకటే పోరు! ఎఫ్ అండ్ ఓలో, అంటే ఈ ఆప్షన్స్, ఫ్యూచర్స్ వ్యాపారంలో, వ్యక్తిగత ట్రేడర్లు 93 శాతం మంది నష్టపోయారని 2024లో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీయే చెప్పింది, ఆ ముక్క మాత్రం ఎత్తలేదు.

అయిదుకి మూడు స్టార్లు. ఆదివారం ఒక్కరోజుకే సగం ఫీజు తీసుకుంటారేమో అడిగి చూడండి, ఫారాల మీద మాత్రం అక్కడికక్కడ సంతకం పెట్టకండి.