పోస్ట్‌మన్ రిటైర్మెంటుకు పీఎల్ఐ, జీపీఎఫ్ ఎంతవరకు ఆదుకున్నాయి?

తెనాలి వైపు పోస్ట్‌మన్‌గా చేసి 2024లో రిటైరయ్యాను. మొదట ఈడీ (ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్) ఏజెంటుగా చేరాను, ఇప్పుడు జీడీఎస్, అంటే గ్రామీణ డాక్ సేవక్ అంటున్నది ఆ ఉద్యోగమే. పరీక్ష రాసి 1996లో పోస్ట్‌మన్ అయ్యాను. 2004 జనవరి 1కి ముందే డిపార్ట్‌మెంటులోకి వచ్చాను కాబట్టి నాది పాత పెన్షన్. జీతంలోంచి నెలనెలా పట్టుకున్న డబ్బు చివరికి ఎంత పనికొచ్చిందో నాతో పనిచేసిన కుర్రాళ్లు అడుగుతూనే ఉన్నారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ కూడా చెబుతున్నాను.

ముందు పీఎల్ఐ, అంటే పోస్టల్ లైఫ్ ఇన్సూరెన్స్. తపాలా ఉద్యోగుల కోసమే 1884లో మొదలైన బీమా ఇది. నేను రెండు రకాలు వాడాను. ఒకటి సంతోష్, అంటే ఎండోమెంట్, అరవై ఏళ్లకు చేతికొచ్చేలా పెట్టుకున్నాను. రెండోది సురక్ష, జీవితాంతపు పాలసీ. దీనికి ప్రీమియం అరవైకే ఆగిపోతుంది, డబ్బు మాత్రం ఎనభై నిండాక మనకు, ఈలోపు పోతే నామినీకి వస్తుంది. ఆరో వేతన సంఘం అరియర్స్ వచ్చినప్పుడు రెండు లక్షలకు ఇంకో సంతోష్ తీసుకున్నాను. రిటైరైనప్పుడు అది బోనస్‌తో కలిపి పాలసీ మొత్తానికి రెట్టింపు కంటే కాస్త తక్కువగా వచ్చింది.

ఈ బోనస్ లెక్క తెలిసి పాలసీ తీసుకునేవాళ్లు తక్కువ. 2020 ఏప్రిల్ నుంచి ఏడాదికి వెయ్యి రూపాయల పాలసీకి సురక్షలో 76, సంతోష్‌లో 52, మనీబ్యాక్ తరహా సుమంగళ్‌లో 48 రూపాయలు. అంతకుముందు ఇవే 85, 58, 53గా ఉండేవి. అంటే బోనస్ తగ్గవచ్చు, తగ్గింది కూడా. పైగా బోనస్ మీద బోనస్ పెరగదు. అయినా బయట అమ్మే చాలా పాలసీలతో పోల్చుకుంటే ప్రీమియం తక్కువ, బోనస్ ఎక్కువ. నేను దీన్ని మంచిదనే అంటాను, అయితే ఒక షరతు ఉంది. మధ్యలో ఆపకూడదు. మూడేళ్లు దాటాక సరెండర్ చేయొచ్చు కానీ, అయిదేళ్లలోపు చేస్తే బోనస్ పోతుంది. డబ్బు అవసరం పడితే సంతోష్ మీద మూడేళ్ల తర్వాత, సురక్ష మీద నాలుగేళ్ల తర్వాత లోను ఇస్తారు. సరెండర్ కంటే అది నయం.

సుమంగళ్ గురించి నా అభిప్రాయం వేరు. పదిహేనేళ్ల పాలసీలో ఆరో ఏట, తొమ్మిదో ఏట, పన్నెండో ఏట ఇరవై శాతం చొప్పున వచ్చేస్తుంది. పిల్లల ఫీజులకు బాగుంటుంది. కానీ రిటైర్మెంటు నాటికి మిగిలేది తక్కువ. ముసలితనానికని దీన్ని తీసుకోవద్దు.

పీఎల్ఐలో మన వంతు జాగ్రత్త ఒకటుంది. బదిలీ అయినప్పుడల్లా కొత్త చోట మొదటి జీతంలో ప్రీమియం పట్టారో లేదో చూసుకోవాలి. నేను పే స్లిప్పులన్నీ ఒక ఫైలులో పెట్టుకున్నాను. సంతోష్ క్లెయిమ్ అప్పుడు ఆ ఫైలు చేతిలో ఉండటంతో ఎలాంటి టెన్షన్ లేకుండా అయిపోయింది.

జీపీఎఫ్, అంటే జీతంలోంచి పట్టే జనరల్ ప్రావిడెంట్ ఫండ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నేను చేరిన రోజుల్లో 12 శాతం వడ్డీ ఉండేది, ఇప్పుడు 7.1. కనీసం ఆరు శాతం కట్టాలి, నేను ఎప్పుడూ అంతకంటే ఎక్కువే కట్టాను. ఇల్లు కట్టుకున్నది ఆ డబ్బుతోనే.

అసలు ఆలోచించాల్సింది కమ్యుటేషన్, అంటే పెన్షన్‌లో కొంత భాగం వదులుకుని దాని బదులు ఒకేసారి డబ్బు తీసుకోవడం. చాలామంది ఫారం నింపే రోజు పక్కవాడిని అడిగి నలభై శాతం అని రాసేస్తారు. ఒక లెక్క చూడండి. చివరి బేసిక్ 40,500 అనుకుంటే పెన్షన్ 20,250. అందులో 40 శాతం, అంటే నెలకు 8,100 వదులుకుంటే, అరవైకి రిటైరైన వాళ్లకు దాని ఏడాది మొత్తాన్ని 8.194తో గుణించి దాదాపు 7 లక్షల 96 వేలు ఒకేసారి ఇస్తారు. ఆ 8,100 పదిహేనేళ్లు కోస్తారు. మొత్తం కోత 14 లక్షల 58 వేలు. డెబ్బై అయిదో ఏట పూర్తి పెన్షన్ మళ్లీ మొదలవుతుంది.

ఇది నష్టమా అంటే, పూర్తిగా కాదు. ఆ డబ్బు మీద పన్ను లేదు. డీఆర్, అంటే పెన్షనర్లకిచ్చే కరువు భత్యం, పూర్తి పెన్షన్ మీదే లెక్కగడతారు. మనిషి పోతే కుటుంబ పెన్షన్‌లో ఈ కోత ఉండదు. కానీ ఆ డబ్బు తెచ్చి డిపాజిట్టులో పెట్టేస్తే మిగిలేదేమీ లేదు, ఎందుకంటే కోత రూపంలో మనం కట్టే వడ్డీ ఎనిమిది శాతం పైమాటే. అంతకంటే ఎక్కువ వడ్డీకి అప్పు ఉంటే తీర్చడానికి తీసుకోండి. నేను ఇరవై శాతంతో ఆగాను. దానితో మిగిలిన అప్పు కట్టేశాను. నెలనెలా వచ్చే పెన్షన్ నిండుగా ఉంటే ఇంట్లో ఆడవాళ్లకూ ధైర్యంగా ఉంటుంది. నా భార్య మొదటి నుంచీ అన్న మాట అదే.

గ్రాట్యుటీ, సెలవుల డబ్బు కలిపి వచ్చేది మన జీవితంలో చూసే అతి పెద్ద మొత్తం. పైన చెప్పిన బేసిక్‌కే 28 ఏళ్ల సర్వీసు, 50 శాతం డీఏ వేసుకుంటే గ్రాట్యుటీ ఎనిమిదిన్నర లక్షలు, మూడు వందల రోజుల సెలవులుంటే ఆరు లక్షల పైన. ఆ వారమే చుట్టాలు, చిట్టీలవాళ్లు, ప్లాట్లవాళ్లు వరస కడతారు. మనం ముప్పై ఏళ్లు కౌంటరు దగ్గర అందరికీ చెప్పిన పథకాల్లోనే మన డబ్బూ పెట్టుకోవాలి. నేను పది లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్‌లో వేశాను. 8.2 శాతం వడ్డీతో మూడు నెలలకోసారి 20,500 వస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి దీని పరిమితి 30 లక్షలు. మిగతాది ఇద్దరి పేరా ఎంఐఎస్‌లో, అంటే నెలనెలా వడ్డీ ఇచ్చే పోస్టాఫీసు పథకంలో ఉంది. దానికి 7.4 శాతం, జాయింటులో 15 లక్షల వరకు. నెలనెలా కావాలంటే ఎంఐఎస్ నచ్చుతుంది, వడ్డీ శాతం చూస్తే మాత్రం సీనియర్ సిటిజన్ మేలు. దాన్ని ఏడాదిలోపు మూసేస్తే ఇచ్చిన వడ్డీ కూడా వెనక్కి తీసుకుంటారు, కాబట్టి అత్యవసరానికి కొంత ఎస్‌బీ (సేవింగ్స్) ఖాతాలో వదిలిపెట్టండి.

వైద్యం విషయం రిటైరయ్యే ముందే తేల్చుకోవాలి. మా స్థాయి ఉద్యోగులకు, అంటే పే లెవెల్ 5 వరకు, సీజీహెచ్ఎస్‌కు, అంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకానికి నెలకు 250. పదేళ్లది ఒకేసారి 30 వేలు కడితే జీవితాంతం కార్డు. సీజీహెచ్ఎస్ లేని ఊళ్లలో ఉండేవాళ్లు నెలకు వెయ్యి మెడికల్ అలవెన్సు తీసుకోవచ్చు. వెయ్యి కళ్లకు కనిపిస్తుంది కానీ, ఒక్క గుండె ఆపరేషను ఎంతవుతుందో అందరికీ తెలుసు. ఓపీకి అలవెన్సు తీసుకుంటూ, ఆసుపత్రిలో చేరే వైద్యానికి మాత్రం కార్డు పెట్టుకునే పద్ధతి కూడా ఉంది. విజయవాడ మాకు దగ్గర కాబట్టి నేను పూర్తి కార్డే తీసుకున్నాను. దంపతులిద్దరికీ బీపీ, షుగరు మందులు దాని మీదే వస్తున్నాయి. నేను కట్టిన డబ్బుల్లో ఇంత తొందరగా తిరిగొచ్చింది ఇంకోటి లేదు.

2004 తర్వాత చేరినవాళ్ల సంగతి వేరు. వాళ్లది ఎన్‌పీఎస్ (నేషనల్ పెన్షన్ సిస్టమ్), జీతంలోంచి తమది పది శాతం, 2019 నుంచి ప్రభుత్వానిది పద్నాలుగు. 2025 ఏప్రిల్ నుంచి యూపీఎస్ (యూనిఫైడ్ పెన్షన్ స్కీమ్) వచ్చింది. పాతికేళ్ల సర్వీసు ఉంటే చివరి పన్నెండు నెలల సగటు బేసిక్‌లో సగం పెన్షన్. ఆలస్యంగా చేరి పాతికేళ్లు నిండనివాళ్లు తమ లెక్క విడిగా వేసుకుని చూసుకోవాలి.

నా మనసుకు బాధ కలిగించేది జీడీఎస్‌ల పరిస్థితి. ఎండనకా వాననకా ఊరూరా ఉత్తరాలు పంచినా, 65 ఏళ్లకు ఇంటికి వెళ్లేటప్పుడు వాళ్లకు మాలాంటి పెన్షన్ లేదు. నా ఈడీ సర్వీసు కూడా పెన్షన్ లెక్కలోకి రాలేదు. జీడీఎస్ సర్వీసును కలపడం కుదరదని 2019లో గండిబా బెహెరా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇది న్యాయం కాదనే నేను అంటాను. ఆ మార్పు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోకూడదు కాబట్టి, బీపీఎంగా, అంటే ఊళ్లోని బ్రాంచి పోస్ట్‌మాస్టరుగా కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పేది ఇదీ. మొదటి జీతం నుంచే చిన్న మొత్తానికైనా పీఎల్ఐ తీసుకోండి, జీడీఎస్‌లకూ అర్హత ఉంది. ఏడాదికి అయిదు వందలు కట్టినా నిలిచే పీపీఎఫ్ ఖాతా మీ ఆఫీసులోనే తెరవండి, పదిహేనేళ్లయ్యాక అయిదేసి ఏళ్లు పొడిగించుకోవచ్చు. నలభై లోపు వయసువాళ్లు, ఆదాయపు పన్ను కట్టనివాళ్లు అటల్ పెన్షన్‌లో నెలకు అయిదు వేల పెన్షన్ స్లాబు ఎంచుకోండి. వయసు తక్కువగా ఉన్నప్పుడు చేరితే దాని కంతు చాలా తక్కువ.