బోరు నీళ్లలో అక్వేరియం సైక్లింగ్: లిక్విడ్ టెస్ట్ కిట్ రెండేళ్లు వాడాక

ట్యూబులో నీళ్లు పోసి సీసాల్లోని మందు చుక్కలు వేస్తే, వచ్చే రంగును బట్టి నీళ్లలో ఏది ఎంతుందో చెప్పే కిట్ ఇది. కొన్నది అమోనియా చూసుకోవడానికి. కానీ ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు నైట్రేట్ సీసాల గురించే చెప్తాను. అనంతపురంలో బోరు నీళ్లతో అక్వేరియం పెట్టేవాళ్లయితే ఫిల్టర్ కన్నా ముందు ఆ రెండు సీసాలు కొనుక్కోమంటాను.

సైక్లింగ్ సంగతి చాలామందికి తెలిసిందే. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ రెండూ ఫిల్టర్‌లో స్థిరపడ్డాకే చేపలు వేయాలి. షాపులో చెప్పేది వేరు: "నీళ్లు ఒకరోజు నిలబెట్టి, ఈ మందు నాలుగు చుక్కలు పోసి చేపలు వేసేయండి సార్." నిలబెడితే క్లోరిన్ పోతుందేమో గానీ బ్యాక్టీరియా ఎక్కడి నుంచి వస్తుంది? పైగా మా బోరు నీళ్ల పీహెచ్ 8 దాటే ఉంటుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు పది రెట్లవుతుంది. ఇంకో ఊళ్లో ఎలాగో తట్టుకునే చేప ఇక్కడ తట్టుకోలేకపోవచ్చు. ఆ టెన్షన్ పడలేకే చేపలు లేకుండా సైకిల్ చేయాలనుకున్నాను.

చేపలు లేకుండా అమోనియా అందించాలంటే అమోనియం క్లోరైడ్ కావాలి. పాత్రలకు కళాయి పోసేవాళ్లు వాడే నవాసారం అదే. బజారు సరుకులో ఇంకేం కలిసి ఉంటుందోనని, కాలేజీ ల్యాబులకు సరఫరా చేసే షాపులో స్వచ్ఛమైనది చిన్న డబ్బా తెచ్చుకున్నాను. 60 లీటర్ల ట్యాంకుకు సుమారు 0.4 గ్రాము వేస్తే అమోనియా 2 పీపీఎం (అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు) వస్తుంది. నగల తూకానికి వాడే చిన్న డిజిటల్ త్రాసు ఉంటే ఆ కొలత సులువు.

అసలు విషయం నవాసారం వేయకముందే బయటపడింది. ట్యాంకు నింపి, ఇంకా ఏమీ కలపకుండా, మొదలు ఎక్కడుందో తెలియాలని నీళ్లను అన్ని సీసాలతోనూ పరీక్షించాను. అమోనియా పసుపు, అంటే సున్నా. నైట్రైట్ లేత నీలం, అదీ సున్నా. నైట్రేట్ ట్యూబు మాత్రం ఐదు నిమిషాలు కాకముందే నారింజ దాటి ఎర్రబడింది. చార్టులో 40, 80 గడుల ఎరుపుకు తేడా పట్టుకోవడం కష్టం. అందుకని మెకానిక్ షాపులో బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి, ఒక వంతు బోరు నీళ్లకు మూడు వంతులు కలిపి మళ్లీ చేశాను. రంగు 20 గడికి సరిపోయింది. నాలుగు రెట్లు వేసుకుంటే 80 పీపీఎం.

చేప లేదు, తిండి లేదు, బ్యాక్టీరియా లేదు, అయినా నీళ్లలో సైకిల్ పూర్తయిన ట్యాంకులో ఉండేంత నైట్రేట్. సైక్లింగ్ పాఠాలన్నీ "నైట్రేట్ కనిపించిందంటే దగ్గరికొచ్చినట్టే" అంటాయి. మా బోరు దగ్గర ఆ లెక్క చెల్లదు. ఆ ఒక్క గుర్తునే నమ్మి మొదటి రోజే చేపలు తెచ్చి వేసేవాళ్లు ఎందరో ఉండి ఉంటారనిపించి నిజంగా బాధేసింది. కారణం కూడా ఈ సైకిలే. సెప్టిక్ ట్యాంకుల నుంచి, పొలాల ఎరువుల నుంచి భూమిలోకి దిగే అమోనియాను మట్టిలోని ఇలాంటి బ్యాక్టీరియాలే నైట్రేట్‌గా మారుస్తాయి. అది మట్టికి అంటుకోదు, నీటితోపాటు కిందికి దిగిపోతుంది.

తాగే నీళ్లలో నైట్రేట్‌కు మన దేశ ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు. మేం తాగేది ఆర్‌ఓ క్యాన్ నీళ్లు కాబట్టి మా ఇంటి గురించి భయపడలేదు. కానీ పై పోర్షన్‌లో మూడు నెలల పాపకు ఈ బోరు నీళ్లతోనే డబ్బా పాలు కలిపి పడుతున్నారు. ఆరు నెలల్లోపు పిల్లలకు నైట్రేట్ ఎక్కువైతే రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. ట్యూబు పట్టుకుని పైకెళ్లాను. "కాంచి చల్లార్చే పోస్తాండాం కదన్నా" అంది పాప తల్లి. కాంచితే సూక్ష్మక్రిములు చస్తాయి గానీ నైట్రేట్ పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. చేపల కిట్ చూసి మనుషుల నీళ్లు తేల్చడం సరికాదని నేనే చెప్పి, ఓనరుతో మాట్లాడి, నీటి పరీక్షల ల్యాబుకు బాటిల్ పంపించాం. రిపోర్టులో అంకె మా కిట్ చూపినంత లేదు, కానీ 45 దాటింది. పాపకు అప్పటికే ఆర్‌ఓ నీళ్లు మొదలుపెట్టారు. ఏ ఇబ్బందీ రాలేదు. ఈ కిట్ మీద నాకున్న అభిమానంలో సగం ఆ రోజుదే.

ట్యాంకు విషయానికొస్తే, నైట్రేట్‌ను పక్కనపెట్టి అమోనియా, నైట్రైట్ మాత్రమే చూశాను. 2 పీపీఎం అమోనియా వేస్తే 24 గంటల్లో రెండూ సున్నాకు రావాలి, అప్పుడే పూర్తయినట్టు. అమోనియా తొందరగానే దిగింది. నైట్రైట్ ఊదారంగు వారాల తరబడి కదల్లేదు. మధ్యలో నైట్రేట్ పరీక్ష ఎలాగూ దండగే, ఎందుకంటే ఆ పరీక్ష నైట్రేట్‌ను ముందు నైట్రైట్‌గా మార్చి కొలుస్తుంది. నీళ్లలో ఉన్న నైట్రైట్ కూడా అందులోనే లెక్కకొస్తుంది. నెలన్నర ప్రాంతంలో ఒక పొద్దున ట్యూబు మళ్లీ లేత నీలంలో కనిపించినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మన కఠిన జలంలో ఒక మంచి కూడా ఉంది. బ్యాక్టీరియా పనిచేసే కొద్దీ నీటిలోని క్షారం ఖర్చవుతుంది. మెత్తని నీళ్లలో పీహెచ్ పడిపోయి సైకిల్ ఆగిపోవడం ఉంది, మా ట్యాంకులో ఆ బెడద రాలేదు.

నైట్రేట్ సీసాలను ఇంత మెచ్చుకున్నాను గానీ, ఏడాది దాటాక రెండో సీసాలోనే తేడా వచ్చింది. అందులో మందు అడుగున గట్టిపడుతుంది. కాగితంలో 30 సెకన్లు గట్టిగా ఊపమని ఉంది. అలాగే ఊపినా రీడింగు పదికి పడిపోయింది. మా బోరు నీళ్లు ఒక్కసారిగా బాగుపడే అవకాశం లేదు కాబట్టి సీసా మీదే అనుమానం వచ్చింది. బల్లకేసి తట్టి, రెండు నిమిషాలు ఆపకుండా ఊపితే మళ్లీ ఎరుపొచ్చింది. అప్పటి నుంచి ముందు బోరు నీళ్లతో చూసి, ఎరుపు వస్తేనే ట్యాంకు రీడింగును నమ్ముతున్నాను. అమోనియాలో సున్నాకూ 0.25కూ మధ్య రంగు తేడా ట్యూబ్‌లైట్ కింద తెలియదు, వరండాలో పగటి వెలుగులోనే చూడాలి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఊరు మాది, సీసాలను వేడి గదిలో వదలకండి. కొన్నింటిలో ఆమ్లం ఉంటుంది, పిల్లలకు అందకూడదు.

చేపలు వేశాక ఇంకో చిక్కుంది. నైట్రేట్ తగ్గాలంటే నీళ్లు మార్చమంటారు, మేం మార్చే బోరు నీళ్లే కిట్ లెక్కలో 80తో మొదలవుతాయి. మున్సిపల్ కుళాయికి పీఏబీఆర్ (పెన్నహోబిలం రిజర్వాయర్) నీళ్లు వచ్చిన రోజు పట్టి, క్లోరిన్ విరిచే మందు వేసి వాడతాను. అది రానప్పుడు ఆర్‌ఓ నీళ్లు సగం కలుపుతాను. ఆర్‌ఓ మెషిన్ బయటికి వదిలే నీళ్లు వృథా ఎందుకని ట్యాంకులో పోసేవాళ్లున్నారు. దయచేసి వద్దు, వడకట్టిన నైట్రేటంతా వాటిలోనే ఉంటుంది. మనీ ప్లాంట్ వేర్లు నీళ్లలోకి వదిలితే కొంత లాగుతుంది, రీడింగు తగ్గడం మా ఇంట్లో చూశాను. కఠిన జలానికి పడే మోలీలు, గప్పీలే పెంచుతున్నాను, హాయిగా ఉన్నాయి. నియాన్ టెట్రాల జోలికి పోలేదు.

కొనాలా అంటే, మా ట్యాంకు కన్నా ఈ కిట్ ఖరీదే ఎక్కువ. ఇంట్లో కుళాయి నీళ్లే వాడేవాళ్లకు, సైకిల్ అయిన ట్యాంకు నుంచి బ్యాక్టీరియా పట్టిన పాత ఫిల్టర్ స్పాంజి ఇచ్చే స్నేహితుడు ఉన్నవాళ్లకు ఇంత పెట్టక్కర్లేదేమో. నీళ్లలో ముంచి రంగు చూసే స్ట్రిప్పులు చవకే గానీ చాలా వాటిలో అమోనియా గడే ఉండదు, సైక్లింగ్‌కు పనికిరావు. ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కుంటే గడువు తీరేలోపు సీసాలు ఖాళీ అవుతాయి. నా కిట్‌లో పీహెచ్ సీసాలు సగం కూడా అవలేదు. ఈసారి మొత్తం పెట్టె కొనను, అమోనియా, నైట్రేట్ విడిగా తెప్పించుకుంటాను.