లియొనార్డో యంత్రాలు చూడాలంటే వించి, మిలాన్‌లకే డబ్బు పెట్టండి

ఫ్లోరెన్స్‌లో లియొనార్డో డా వించి యంత్రాల పేరుతో నడిచే ఒక ప్రైవేటు ప్రదర్శనకు మేం నలుగురం 36 యూరోలు పోశాం. ఇంకా కడుపు మండుతూనే ఉంది. టికెట్ ఇచ్చినావిడ లోపల లియొనార్డో గీసిన అసలు బొమ్మలున్నాయని చెప్పింది. తీరా చూస్తే గోడలకు ప్రింట్లు అంటించారు, సగం చెక్క నమూనాలకు హ్యాండిళ్ళు ఊడిపోయాయి, ఏ నమూనాని ఏ కాగితం చూసి చేశారో ఒక్కచోటా రాయలేదు. డబ్బు వెనక్కి అడిగితే మొహం తిప్పుకుంది. మా ఆవిడ మూడ్ రాత్రి దాకా బాగుపడలేదు.

మర్నాడు ఎంపొలి దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సులో లియొనార్డో పేరులో ఉన్న ఊరు వించికి వెళ్ళాం. ఆదివారం బస్సులు తక్కువ, మామూలు రోజున వెళ్ళండి. కొండమీది పాత కోటలోనే మ్యూజియం. ప్రతి నమూనాకీ మూలమైన బొమ్మ ఏదో అక్కడే చూపిస్తారు, నాకు కావలసింది అదే. యుద్ధయంత్రాల్లో అందరూ ఆగేది తాబేటి చిప్పలాంటి కవచం ఉన్న బండి దగ్గర. దాదాపు 1485లో గీశాడు, అసలు కాగితం లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. లోపల 8 మంది హ్యాండిళ్ళు తిప్పితే బండి కదలాలి. షుగర్ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా రిటైరైన మా మామగారు ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, వేలితో గేర్ల వరస చూపిస్తూ, "అల్లుడుగారూ, ఇలా గీసినట్టే బిగిస్తే ముందు చక్రాలు ఒకవైపు, వెనక చక్రాలు ఇంకోవైపు తిరుగుతాయండీ" అన్నారు. నిజంగానే అది పేరుపడ్డ లోపం. శత్రువు కాపీ కొట్టకుండా కావాలనే అలా గీశాడని కొందరంటారు. మామగారు ఆ మాటే నమ్మారు, గేర్లు ఇంత బాగా గీసినవాడు ఇక్కడ పొరబడడని.

భోజనం నలుగురికి 52 యూరోలు. రొట్టె, చిక్కుడు గింజలు, ఆకుకూర వేసి ఉడికించిన రిబొల్లీత అత్తయ్యగారికి తెగ నచ్చింది. ఆలివ్ తోటల మీదుగా 3 కిలోమీటర్లు నడిస్తే 1452లో ఆయన పుట్టిన ఇల్లని చెప్పే అంకియానో వస్తుంది. ఇల్లు మామూలుగా ఉంటుంది, నడక మాత్రం వదలొద్దు.

మిలాన్‌లో స్టేషన్ దగ్గర గది రాత్రికి 118 యూరోలు, సిటీ ట్యాక్స్ వేరే, ఏ ఇబ్బందీ లేదు. మేం వెళ్ళింది అంబ్రోసియానా లైబ్రరీకి. ఆయన గీసిన 1119 కాగితాల కట్ట, కోడెక్స్ అట్లాంటికస్, ఇక్కడిదే. 1796లో నెపోలియన్ పారిస్‌కి పట్టుకుపోతే 1815లో గానీ తిరిగి రాలేదు. మసక వెలుతురులో అద్దం వెనక గోధుమరంగు సిరా గీతలు, ఎడమచేత్తో కుడి నుంచి ఎడమకు రాసిన అక్షరాలు కళ్ళతో చూడాలి, ఫోటోలో ఆ సన్నదనం రాదు. మామగారు చూడాలనుకున్న రాక్షస విల్లు, దాదాపు 25 మీటర్ల వెడల్పున, పక్కన మనిషి చీమలా కనిపించేది, 149వ కాగితం. అది మాత్రం ఆ రోజు లేదు. కాగితాలు పాడవకుండా కొన్నాళ్ళకోసారి మారుస్తుంటారు. ఏవి పెట్టారో ముందు కనుక్కుని తేదీ ఖాయం చేసుకోండి.

అక్కడి సైన్స్ మ్యూజియానికి కనీసం సగం రోజు ఉంచుకోండి. లియొనార్డో యంత్రాలకు 1950ల్లో చేసిన నమూనాలు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.